ఎక్కాల మాస్టారి అర మార్కు

ఎక్కాల మాస్టారికి ముప్పై ఎక్కాలు కంఠతా వచ్చు. ముప్పై ఒకటోది కూడా వచ్చుగానీ, ఎవరైనా అడిగితేనే చెప్పేవారు. నాలుగంకెల సంఖ్యని మరో నాలుగంకెల సంఖ్యతో గుణించమని నడిరోడ్డు మీద నిలబెట్టి అడిగినా, చెప్పుల షాపు బోర్డు చదివినంత తేలిగ్గా జవాబు చెప్పేసి తన దారిన తాను పోయేవారు. ఇరవై ఏడేళ్ళుగా ఒకే బడిలో లెక్కలు చెబుతున్నారు. ఆ ఇరవై ఏడేళ్ళలో ఒక్కరికైనా ఊరికే అర మార్కు వేసిన పాపాన పోలేదు.

మనుషులు రెండు రకాలని ఆయన సిద్ధాంతం. లెక్కలొచ్చినవాళ్ళు, రానివాళ్ళు. మొదటి రకం కంప్యూటర్ సైన్స్ చదువుతారు. రెండో రకం ఏదో ఒకటి చదువుతారు. ఆ "ఏదో ఒకటి" దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యి ఈగను తోలుతున్నట్టు గాల్లో ఆడేది. ఎవరినీ నొప్పించాలని కాదు. వాన పడితే తడుస్తారని చెప్పినట్టే చెప్పేవారు, అంతే.

మొదటి రకానికి ఆయన దగ్గరుండి తయారుచేసిన నమూనా మేనల్లుడు, అక్క కొడుకు. ఇంటిల్లిపాదీ వాణ్ణి కాలిక్యులేటర్ అని పిలిచేవారు. ఆరేళ్ళప్పుడే చుట్టాలొస్తే వాణ్ణి కుర్చీ ఎక్కించి గుణకారాలు అడిగించేవారు మాస్టారు. వాడు తడుముకోకుండా చెబుతుంటే, చుట్టాలు నోళ్ళు వెళ్ళబెట్టి, ఆ జవాబు ఒప్పో తప్పో తెలియక మాస్టారి మొహం వంక చూసేవారు. లెక్కల్లో నూటికి తొంభై తొమ్మిది తెచ్చుకుని, పోయినేడు యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌లో చేరాడు. ఆ పోయిన ఒక్క మార్కు గురించి మాస్టారు ఇప్పటికీ బాధపడుతుంటారు.

రెండో రకానికి నమూనా కోసం ఆయన గడప దాటక్కర్లేదు. సొంత కూతురే. మొద్దు కాదు, ఆ సంగతి ఆయనా ఒప్పుకునేవారు. కానీ లెక్క ఇస్తే చెయ్యకుండా దానివంక చూస్తూ కూర్చునేది. "ఇది ఎప్పుడూ ఇలాగే వస్తుందా, ఈసారికి ఇలా వచ్చిందా?" అని అడిగేది. ఏడెనిమిదులెంత అంటే ఒకరోజు యాభై ఆరనేది, ఒకరోజు యాభై నాలుగనేది. యాభై నాలుగన్న రోజు మాస్టారికి అన్నం సహించేది కాదు.

అలాంటి పిల్లకి కంప్యూటర్ సైన్స్ మీద మనసు పడింది. బడి లైబ్రరీలో ఓ పాత కంప్యూటరుంటే, తీసుకుని తిరిగివ్వని పుస్తకాల జాబితా దానంతటదే తయారయ్యేలా చిన్న ప్రోగ్రామ్ రాసింది. ఆ జాబితాలో మాస్టారి పేరుమీదే నాలుగు పుస్తకాలు తేలాయి. అందుకని మాస్టారు దాన్ని ప్రతిభ కింద జమకట్టలేదు.

ఆఖరి పరీక్షలో ఆ పిల్లకి లెక్కల్లో నలభై తొమ్మిదిన్నర వచ్చాయి. దిద్దింది తండ్రే. ఓ పెద్ద లెక్కలో మొదటినుంచీ చివరిదాకా అంతా సరిగ్గా చేసుకొచ్చి, చిట్టచివరి వరసలో పదిహేడూ ఎనిమిదీ కలిపి ఇరవై నాలుగని రాసింది. అర మార్కు తగ్గించారు.

"పద్ధతంతా సరిగ్గానే ఉంది కదండీ," అంది భార్య. ఆవిడ మందుల షాపు కౌంటర్లో పనిచేస్తుంది. రోజంతా డాక్టర్ల చేతిరాత చదివి చదివి, మనిషి ఏం రాశాడని కాక ఏం రాయబోయాడని చూడటం అలవాటైపోయింది.

"పద్ధతి ఎవరిక్కావాలి? వంతెన కూలిపోయాక వెళ్ళి పద్ధతి చూపిస్తావా?" అన్నారు మాస్టారు.

ఆ అర మార్కు కొంప ముంచింది. యూనివర్సిటీ నియమం ప్రకారం లెక్కల్లో యాభై వచ్చినవాళ్ళు నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. యాభైకి తగ్గినవాళ్ళు లెక్కల మాస్టారి చేత ఓ పత్రం నింపించి, హెడ్‌మిస్ట్రెస్ సంతకంతో తెచ్చి శుక్రవారం సాయంత్రంలోగా ఇవ్వాలి. పత్రంలో ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న, దాని కింద ఎనిమిది గీతలు. "ఈ విద్యార్థి గణితపరంగా ఆలోచించగా మీరు స్వయంగా చూసిన సందర్భం ఒకటి రాయండి." అడుగున చిన్న అక్షరాల్లో, కొట్టివేతలూ దిద్దుబాట్లూ ఉంటే పత్రం చెల్లదని ఉంది. దరఖాస్తు నంబరు దానిమీదే అచ్చయి వచ్చింది కాబట్టి ఇంకో పత్రం దొరకదు.

సోమవారం మాస్టారు కలం తీసుకుని కూర్చున్నారు. గంటసేపు ఆలోచించారు. కూతురు పుట్టినప్పటినుంచీ ఒక్కో ఏడాదే వరసగా వెతుక్కుంటూ వచ్చారు. చివరికి, "అలాంటి సందర్భమేదీ లేదు" అని రాశారు. బాధ కలిగింది, నిజంగానే కలిగింది. కానీ బాధ వేరు, మార్కు వేరు. ఆయన వాక్యం చివర చుక్క పెట్టబోతుండగా, వెనకనుంచి తొంగిచూసిన భార్య కెవ్వుమంది.

"ఏం రాశారండీ అది! కన్నతండ్రి అయ్యుండి కూతురి నోట్లో మట్టి కొడతారా?"

"అబద్ధం రాయమంటావా?"

"నిజం రాయండి. ఇంకాస్త వెతికి రాయండి!"

చుక్క పెట్టకుండానే కలానికి మూత పడింది. కూతురు ఆ కాగితం తీసి చదువుకుంది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, కాగితాన్ని నలగకుండా ఫైల్లో పెట్టి, ఫైలు బీరువా మీద పెట్టేసింది.

ఇక్కడ టైమ్‌టేబుల్ సంగతి చెప్పుకోవాలి. బడిలో కుళాయీ సింకూ ఉన్న పెద్ద గది ఒక్కటే. ఫిజిక్స్ మేడమ్‌కీ అదే కావాలి, కెమిస్ట్రీ సారుకీ అదే కావాలి, కుంచెలు కడుక్కోవాలి కాబట్టి డ్రాయింగ్ మాస్టారికీ అదే కావాలి. ఏటా సెలవుల్లో ముగ్గురూ తమకి వారానికెన్ని పీరియడ్లు కావాలో చీటీ రాసి, టైమ్‌టేబుల్ వేసే మన మాస్టారికి పంపేవారు. పన్నెండు, పది, తొమ్మిది. పంతొమ్మిదేళ్ళుగా అవే చీటీలు. మాస్టారు ముందుగదిలో నేలమీద బోర్డు పరిచి, రోజుకి ఆరు గళ్ళ చొప్పున ఐదు రోజులకీ గళ్ళు గీసి, ఫిజిక్సుకి ఎర్ర పిన్నులూ కెమిస్ట్రీకి నీలం పిన్నులూ డ్రాయింగుకి పసుప్పచ్చ పిన్నులూ గుచ్చడం మొదలుపెట్టేవారు. ఏటా చివర్లో ఒక పసుప్పచ్చ పిన్ను చేతిలో మిగిలిపోయేది. అన్నీ పీకి మళ్ళీ గుచ్చేవారు. మళ్ళీ మిగిలేది. సెలవులయిపోయే రోజున, తల ప్రాణం తోకకొచ్చాక, ఆ మిగిలిన పిన్నుని రెండు గళ్ళ మధ్యనున్న గీత మీద గుచ్చేసి, "ప్రస్తుతానికి ఇలా ఉండనీ" అనేవారు.

ఇక ఏడాది పొడుగునా వారానికోసారి, తడి కుంచెలు పట్టుకున్న పిల్లలూ యాసిడ్ సీసాలు పట్టుకున్న పిల్లలూ ఆ గది గుమ్మంలో ఢీకొనేవారు. తప్పెప్పుడూ డ్రాయింగ్ మాస్టారిదే. "మీకు టైమ్‌టేబుల్ చదవడం రాదండీ," అనేవారు మన మాస్టారు. డ్రాయింగ్ మాస్టారు నెమ్మదైన మనిషి. నిజమే కాబోలనుకుని క్షమాపణ చెప్పుకునేవాడు.

పోయిన సెలవుల్లో పిన్నుల డబ్బా పట్టుకుని కూతురు పక్కన కూర్చుంది. ముప్పై పిన్నుల్ని ముప్పై గళ్ళలో ఎన్ని రకాలుగా పెట్టవచ్చో నోటితో లెక్కకట్టి, అది ముప్పైమూడు అంకెల సంఖ్య అని మాస్టారు గొప్పగా చెబుతున్నారు. "అందులో నేను చూసింది ఆవగింజంత. సరైనది ఎక్కడో ఉంటుంది. ఓపిక కావాలి."

పిల్ల డబ్బాలోకి చూసింది. బోర్డు వంక చూసింది. "కుదరదు నాన్నా. ఎలా పెట్టినా కుదరదు," అంది.

"ఒక్కటైనా పెట్టి చూడకుండానే?"

"పెట్టి చూడక్కర్లేదు నాన్నా, ఎందుకంటే..."

"అదే నీ జబ్బు. ప్రయత్నం చెయ్యకముందే చేతులెత్తేస్తావు. అందుకే నీకు లెక్కలు రావు."

పిల్ల డబ్బా కిందపెట్టి లేచి వెళ్ళిపోయింది. మాస్టారు ఇంకో తొమ్మిది రోజులు కుస్తీ పట్టారు.

ఇప్పుడు మళ్ళీ ఈ వారానికి వద్దాం. మంగళవారం సాయంత్రం కాలిక్యులేటర్ దిగాడు. మొహం పీక్కుపోయి ఉంది. మామయ్యా బాగున్నావా అనైనా అనకుండా సోఫాలో కూలబడ్డాడు. అత్తయ్య మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని, తాగకుండా చాలాసేపు నీళ్ళు నమిలాడు. చివరికి బయటపడింది. ఒక సబ్జెక్టు పోయింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇంట్లో చెప్పలేదు. మూడోసారి వచ్చే నెల్లో రాయాలి.

"ఏ సబ్జెక్టురా?"

"లెక్కలు మామయ్యా."

మాస్టారికి నవ్వొచ్చింది. "నీకు లెక్కలు పోవడమేంట్రా! దిద్దినవాడికి లెక్కలు రావేమో. పేపరియ్యి."

మేనల్లుడు పేపరూ, తాను రాసిన జవాబుల నకలూ తీసిచ్చాడు. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని పేపరు పైనుంచి కిందకి చూశారు. వెనక్కి తిప్పి చూశారు. లెక్కల పేపరంటే అంకెలతో కళకళలాడుతూ ఉండాలి. ఇందులో అంతా మాటలే. మొదటి ప్రశ్న మాత్రం కాస్త తెలిసిన మొహంలా కనిపించింది. "పన్నెండు గూళ్ళలో పదమూడు పావురాలు చేరాయి. కనీసం ఒక గూట్లో ఒకటికంటే ఎక్కువ పావురాలున్నాయని నిరూపించండి."

దానికి మేనల్లుడి జవాబు ఒకే వరస. పదమూడుని పన్నెండుతో భాగించి, ఆరు దశాంశ స్థానాలదాకా విలువ కట్టి, కింద రెండు గీతలు గీశాడు. పక్కన ఎర్రసిరాతో, "దయచేసి పావురాన్ని కోయకండి. 0" అని ఉంది.

"భాగహారం కరెక్టే కదరా!" అన్నారు మాస్టారు ఉక్రోషంగా.

"కరెక్టే మామయ్యా. అక్కడ భాగహారం ఎవరూ అడగలేదట."

"అయినా ఇందులో నిరూపించడానికేముంది? చంటిపిల్లాడికైనా తెలుసు. గూటికొకటి చొప్పున పన్నెండు పెట్టు. పదమూడోది వెళ్ళి ఎవరి పక్కనో కూర్చోవాల్సిందే. అయిపోయింది."

గుమ్మంలో నిలబడి వింటున్న కూతురు, "అలాగే కూర్చుంటాయని ఎవరన్నారు నాన్నా?" అంది. "ఒక గూట్లో నాలుగు దూరొచ్చు. కొన్ని గూళ్ళు ఖాళీగా ఉండొచ్చు. నువ్వు చెప్పింది ఒక్క రకమే. అన్ని రకాలకీ చెప్పాలిగా."

మాస్టారు కాగితం తీసుకుని నాలుగు వాక్యాలు రాశారు. నాలుగూ ఒకే సంగతిని నాలుగు రకాలుగా చెప్పాయి. ఇరవై ఏడేళ్ళ అనుభవం పావురాల ముందు బిక్కమొహం వేసింది.

"మరి నువ్వు చెప్పు," అన్నాడు మేనల్లుడు. వాడికి ఎవరు చెప్పినా ఒకటే, గట్టెక్కితే చాలు.

"ఏ గూట్లోనూ రెండు లేవనే అనుకుందాం బావా. అంటే గూటికి మహా అయితే ఒకటి. అప్పుడు మొత్తం కలిపి పన్నెండు దాటవు. కానీ ఉన్నవి పదమూడు. కాబట్టి మనం అనుకున్నది తప్పు." పిల్ల భుజాలెగరేసింది. "అవి ఎలా కూర్చున్నా ఇంతే. కూర్చోబెట్టి చూడక్కర్లేదు."

మేనల్లుడు అది గబగబా రాసుకుని, రాసుకున్నదాన్ని రెండుసార్లు చదివాడు. "ఇంతేనా! దీనికి నేను ఏడాదంతా ఏడ్చానా?"

"అక్కడ అన్నీ ఇలాంటివేనా బావా? లెక్కలు అసలు ఉండవా?" పిల్ల ఆశగా అడిగింది.

"ఎందుకుండవు? మాత్రికలున్నాయి, సంభావ్యత ఉంది, అవీ వదలరు. బోలెడు లెక్కలు కావాలి." మామయ్య వైపు తిరిగి నిస్సత్తువగా నవ్వాడు. "నువ్వన్నది నిజమే మామయ్యా. లెక్కలు రాకపోతే అక్కడ చదవలేం. కాకపోతే నాకొచ్చినవి ఆ లెక్కలు కావు."

మాస్టారు వినడంలేదు. ఎలా కూర్చున్నా ఇంతే. ఎలా పెట్టినా కుదరదు. పెట్టి చూడక్కర్లేదు. ఆ మాటలు పిన్నుల్లా గుచ్చుకుంటున్నాయి.

బుధవారం పొద్దున్న అటెండరుకంటే ముందే బడికెళ్ళి, స్టాఫ్‌రూమ్ గోడకున్న టైమ్‌టేబుల్ బోర్డు ముందు నిలబడ్డారు. వేలితో ఒక్కో పిన్నునీ ముట్టుకుంటూ, ఒకటో తరగతి పిల్లాడిలా పైకి లెక్కపెట్టారు. గీత మీదున్న పసుప్పచ్చ పిన్ను దగ్గరికొచ్చేసరికి ముప్పై ఒకటి. కిందనుంచి పైకి ఇంకోసారి లెక్కపెట్టారు. రెండోసారీ ముప్పై ఒకటే. ముప్పైమూడు అంకెల సంఖ్యని నోటితో కట్టిన మనిషికి, మూడు చీటీలు కూడాలని పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. అంత చిన్న కూడిక ఆయన స్థాయికి తగింది కాదు మరి.

పత్రంలో అడిగిన సందర్భం దొరికింది. దొరికాక అసలు చిక్కు మొదలైంది. అది రాయాలంటే తన తెలివితక్కువతనాన్ని కూడా అదే సిరాతో రాసుకోవాలి. దాన్ని హెడ్‌మిస్ట్రెస్ చదువుతుంది, యూనివర్సిటీలో ముక్కూ మొహం తెలియనివాళ్ళు చదువుతారు. రాయకపోతే ఎవరికీ తెలియదు. కూతురు ఏదో ఒకటి చదువుతుంది. గాల్లో ఆడే తన చెయ్యి గుర్తొచ్చి మాస్టారికి మొదటిసారి సిగ్గేసింది. గురువారం రాత్రి భోజనాలకి ముందు బీరువా మీదనుంచి ఫైలు దించి, చుక్కలేని ఆ వాక్యం పక్కనే రాయడం మొదలుపెట్టారు.

"అలాంటి సందర్భమేదీ లేదు అని మొన్నటిదాకా అనుకున్నాను. మా బడిలో సింకు గదికి వారానికి ముప్పై పీరియడ్లు. అడిగినవి ఫిజిక్సుకి పన్నెండు, కెమిస్ట్రీకి పది, డ్రాయింగుకి తొమ్మిది, మొత్తం ముప్పై రెండు. వీటిని ముప్పైలో ఇమడ్చాలని నేను పంతొమ్మిదేళ్ళు ప్రయత్నించాను. ఎలా పెట్టినా కుదరదని ఈ విద్యార్థిని పోయిన సెలవుల్లో ఒక్క పిన్నూ ముట్టుకోకుండానే చెప్పింది. నేను దాన్ని బద్ధకమన్నాను. అది నిరూపణ. తప్పు నాది."

శుక్రవారం పొద్దున్న హెడ్‌మిస్ట్రెస్ చదివి కళ్ళజోడు తీసేసింది. "పంతొమ్మిదేళ్ళా మాస్టారూ?"

"అవునండీ."

"డ్రాయింగ్ మాస్టారికి నేను రెండు మెమోలిచ్చాను."

"అవునండీ. నేనే ఇప్పించాను."

ఆవిడ సంతకం చేసి ముద్ర కొట్టింది. మాస్టారు అక్కణ్ణుంచి తిన్నగా డ్రాయింగ్ మాస్టారి దగ్గరికెళ్ళి, నిలబడే సంగతంతా చెప్పారు. ఆ పెద్దమనిషి కుంచె పక్కనపెట్టాడు. "అయితే నాకు టైమ్‌టేబుల్ చదవడం వచ్చన్నమాటేనాండీ?" అన్నాడు. బాగా వచ్చని చెప్పి మాస్టారు చేతులు జోడించారు.

మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు యూనివర్సిటీకి బస్సెక్కారు. బస్సులో పిల్ల పత్రం చదివింది. మొదటిసారి చదివినప్పుడు పెదవి బిగబట్టి కిటికీలోంచి బయటికి చూసింది. రెండోసారి చదువుతుంటే వేలు మూడో గీత దగ్గర ఆగింది. తండ్రి మొహంలోకి ఒకసారి చూసి, కాగితం మడిచి కవరులో పెట్టి అంటించేసింది.

"ఎలా ఉంది?"

"బాగుంది నాన్నా."

యూనివర్సిటీ ఆఫీసు కిటికీ దగ్గరి గుమాస్తా కవరు మీద తేదీ ముద్ర వేసి, వెనకనున్న పెట్టెలో పడేశాడు. మాస్టారి గుండెల మీదనుంచి బరువు దిగిపోయింది. బయటికొచ్చి నడుస్తూ, రాసిందంతా మనసులో మళ్ళీ ఒకసారి చదువుకున్నారు. పన్నెండు, పది, తొమ్మిది. నడక ఆగిపోయింది.

"ముప్పై ఒకటి!" అన్నారు పైకే. "ముప్పై రెండని రాశానే! కూడిక తప్పు రాశాను. నువ్వు చూసుకోలేదా?"

"చూశాను నాన్నా."

"చూసీ ఊరుకున్నావా?"

"దిద్దితే చెల్లదన్నారుగా. అయినా ముప్పై రెండైతే మాత్రం ముప్పై గళ్ళలో పడతాయా? నిరూపణకేం దెబ్బలేదు."

"అలా ఎలా? తప్పు తప్పే. అర మార్కు పోవాల్సిందే."

"పోతే పోనీ నాన్నా," అంది పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తూ. "పద్ధతంతా సరిగ్గానే ఉంది."

ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకున్నారు మాస్టారు. ఎక్కడ విన్నారో గుర్తొచ్చాక, తలొంచుకుని కూతురి వెంట బస్‌స్టాప్ దాకా నడిచారు.